పొడుం డబ్బాలో ఉప్పు

నా బీపీ రెండు వందల ఎనభైకి వెళ్ళిందని, యంత్రం తట్టుకోలేక ఆగిపోయిందని, డాక్టరమ్మ కంగారుగా కుర్చీలోంచి లేచి నిలబడిందని మా ఊళ్ళో చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఓ పది కలిపాను. అదంతా అబద్ధం. యంత్రం ఆగలేదు, డాక్టరమ్మ లేవలేదు. నూట తొంభై దగ్గర చూపిస్తే చీటీ మీద రాసుకుంటూ "ఉప్పు ఎక్కువ తింటారా?" అని మాత్రం అడిగింది.

ముందుగానే ఇది ఒప్పుకోవడానికి కారణం ఉంది. నా అనారోగ్యం గురించి నాలుగు మాటలు రాస్తానని కూర్చుంటే, నా భార్య రాజ్యం గోరుచిక్కుళ్ళు తుంచుతూ "రాసేటప్పుడైనా నిజం రాయండి" అంది. రాస్తున్నాను. రక్తపోటు నాది. థైరాయిడ్ మందగించిందీ నాకే. ఆసుపత్రి మంచం ఎక్కింది మాత్రం రాజ్యం. ఆమెను ఆ మంచం దాకా తీసుకెళ్ళింది నా చెయ్యి. ఈ ఒక్క సంగతిని పెంచి చెప్పే అవసరం నాకు రాలేదు.

మాఘం

మాది నల్లపాడుకి అవతల, మిరప, పత్తి తప్ప మరో పంట మాట వినపడని ఊరు. నాలుగెకరాలు చేశాను. మోకాళ్ళు మొరాయించాక కౌలుకిచ్చాను. కొడుకు శ్రీను పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. కోడలు శిరీష గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటుంది. నలుగురం ఒకే ఇంట్లో ఉంటాం.

ఊళ్ళో నాకో ఉద్యోగం ఉంది. జీతం లేదు గానీ హోదా ఉంది. మాఘమాసంలో పండుమిరపకాయలు దిగుతాయి. ఆడవాళ్ళు వాటిని తుడిచి, తొడిమెలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి తొక్కి జాడీకెత్తుతారు. మూడో రోజు జాడీ విప్పి మళ్ళీ నూరతారు. ఉప్పు తేల్చేది ఆ రోజే. తక్కువైతే బూజు పడుతుంది, ఎక్కువైతే ఏడాదంతా నోట పెట్టలేరు. నూరే మనిషి నాలుక ఆ ఘాటుకి అప్పటికే మొద్దుబారి ఉంటుంది కాబట్టి ఆమె మాట ఆమే నమ్మదు. బయటి మనిషిని పిలుస్తారు. మా నాన్న తర్వాత ఆ బయటి మనిషిని నేను. చూపుడువేలి మీద బఠాణీ గింజంత పెడతారు. నేను కళ్ళు మూసుకుని చప్పరించి, "సరిపోయింది" అనో "అర గుప్పెడు" అనో తేలుస్తాను. నలభై ఇళ్ళలో నా మాట చెల్లుతుందని చెప్పుకుంటాను. పదకొండు ఇళ్ళు.

ఈ ఏడు మాఘంలో ఎదురింటి ఆదెమ్మ జాడీ విప్పి నా వేలి మీద పెట్టింది. కారం తెలిసింది. పులుపు లీలగా తెలిసింది. ఉప్పు తగల్లేదు.

"చాలదు చెల్లెమ్మా. ఇంకో గుప్పెడు పడాలి."

"గుప్పెడా అన్నయ్యా? నేను కొలిచే వేశానే."

"కొలత నీదే. నాలుక ఎవరిది?"

ఆమె ఇంకో గుప్పెడు వేసింది. ఆ వారంలో నేను వెళ్ళిన ప్రతి ఇంటా అంతే జరిగింది. అన్ని జాడీలూ ఒక్కసారే ఎట్టా చప్పబడ్డాయన్న అనుమానం నాకు రాలేదు. ఈ ఏడు ఉప్పులోనే సారం లేదని అరుగు మీద కూర్చుని ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఇంట్లోనూ అన్నీ చప్పిడే. రాజ్యం చెయ్యి మారిందని దెప్పుతూ, కూర మీద ఉప్పు చల్లుకుని, మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయలు మూడేసి నంజుకున్నాను. ఎండలు మొదలై పగలు అందరూ తువ్వాళ్ళతో విసురుకుంటుంటే నాకు చలి వేసేది. కూర్చున్నచోటే కునుకు పట్టేది. గొంతు బొంగురుపోయింది. మొహం ఉబ్బితే, ఒళ్ళు చేశానని సంతోషించాను. మెడ వెనక బండ పెట్టినట్టు ఉండే నొప్పిని తలగడ మీదికి నెట్టాను. మనిషి తన జబ్బుకి ఎన్ని వేరే పేర్లు పెట్టగలడో నన్ను అడగండి.

ఫాల్గుణం

ఒక ఆదివారం శిరీష నా ఎదురుగా నిలబడింది.

"మావయ్యా, మీ మొహం అద్దంలో చూసుకున్నారా?"

"చూసుకోకుండా నాకు ఏ పూటా గడవదు. ఏం, అందం పెరిగిందా?"

"వాచింది. గొంతు కూడా మీ గొంతులా లేదు. రేపు సెలవు పెట్టాను. గుంటూరు వెళ్తున్నాం, అత్తయ్య కూడా వస్తుంది."

ఆ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాం. పదిమందిని కూర్చోబెట్టి కథలు చెప్పే నాకు అక్కడ లోపలికి వెళ్ళిన మనిషి బయటికి ఏ మొహంతో వస్తున్నాడో చూడటమే పని. ఒకాయన నవ్వుతూ వచ్చాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది.

రక్తం ఇచ్చి, సాయంత్రం మళ్ళీ అదే బెంచీ మీద కూర్చుంటే డాక్టరమ్మ పిలిచింది.

"మీ థైరాయిడ్ బాగా మందగించిందండీ. చలి, నిద్ర, వాపు, గొంతు, అన్నీ దానివే. బీపీని కూడా అది కాస్త పైకి నెడుతుంది."

"ఈ మధ్య నాలుకకి ఏమీ తెలియడం లేదండీ," అన్నాను. గదిలో అందరికంటే ముందు రాజ్యం నా వైపు తిరిగింది. నెల రోజులుగా ఆమె వంటని తిడుతున్నది నేనే కదా.

"అదీ దానివల్ల కావచ్చు. మాత్ర సరిగ్గా వేసుకుంటే చాలామందికి రుచి తిరిగి వస్తుంది. కొన్ని నెలలు పడుతుంది. పొద్దున్నే పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. గంట దాకా కాఫీ వద్దు, మాత్ర ఒంటికి పట్టనివ్వదు. బీపీ మాత్ర వేరే రాస్తున్నాను. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు మానేయాలి. కూరలో ఉప్పు సగానికి దించాలి."

"గోంగూర?"

"గోంగూర పప్పు తినండి. గోంగూర పచ్చడి జాడీ జోలికి వెళ్ళకండి."

"థైరాయిడ్‌కి క్యాబేజీ తినకూడదంటారు గదండీ?" అని శిరీష అడిగింది.

"ఉడికించింది మామూలుగా తింటే ఏం కాదమ్మా. ఎప్పుడో తినే క్యాబేజీ గురించి కాదు నా బాధ. రోజూ తినే జాడీ గురించి."

వచ్చాం కదా అని రాజ్యానికీ బీపీ చూశారు. నూట నలభై దాటింది. మందు ఇప్పుడే వద్దు, ఉప్పు తగ్గించి నెల తిరక్కుండా మళ్ళీ రమ్మన్నారు. ఆటోలో ఆమె తేల్చి చెప్పింది.

"ఇద్దరికీ ఒకే వంట. మీకో కూర, నాకో కూర చేసే ఓపిక నాకు లేదు. మీరు తినేదే నేనూ తింటాను."

నేను తినేదే తానూ తింటానన్నది. ఆ మాట అప్పుడు నా చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. మర్నాడు మా జాడీలు వరసగా ఆదెమ్మ ఇంటికి వెళ్ళిపోయాయి. అవి వాకిలి దాటుతుంటే నేను అటు తిరిగి కూర్చున్నాను.

చైత్రం

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. రాజ్యం గోరుచిక్కుళ్ళు అయిపోయి పక్కింటికి వెళ్ళింది కాబట్టి ఇప్పుడే రాసేస్తాను.

మాత్ర వేసుకున్నాను, కాఫీతో వేసుకున్నాను. గంటసేపు కాఫీ లేకుండా కూర్చోవడం నావల్ల కాలేదు. అందుకని నాలుకకి రుచి తిరిగి రాలేదు. నాలుక రాని మనిషికి సగం ఉప్పు కూర అంటే తడిపిన గుడ్డ నమిలినట్టే. మొదట నా పళ్ళెంలోనే దొంగతనంగా కలుపుకున్నాను. నలభై ఆరేళ్ళు నా పక్కన కూర్చుని తిన్న మనిషి, మూడో రోజే పట్టుకుంది.

"చెయ్యి అట్టా మడిచారేంది? విప్పండి."

విప్పాను. ఉప్పు డబ్బా ఆ రోజే దేవుడి అలమరలోకి వెళ్ళి తాళం వేయించుకుంది.

అప్పుడు సైంధవలవణం తెచ్చాను. అది ఉప్పు కాదని, బీపీ వాళ్ళకి అమృతమని ఫోన్లో ఒక వీడియోలో ఒకాయన చేతులూపుతూ చెప్పాడు. నాకు కావలసిన మాట చెప్పాడు గనుక ఆయన్ని నమ్మాను. మా నాన్న పొడుం పీల్చే డబ్బా ఒకటి నా దగ్గరుంది. వెండిదని అందరికీ చెబుతాను, ఇత్తడిది. సైంధవాన్ని మెత్తగా నూరి ఆ డబ్బాలో పోసి మొలలో దోపుకున్నాను. పళ్ళెం మీద ఆమె కాపలా ఉంది కాబట్టి గిన్నె మీద పడ్డాను.

మా ఇంట్లో ఏడున్నరకల్లా పప్పూ కూరా దిగుతాయి. శ్రీనుకీ శిరీషకీ క్యారేజీలు సర్దాక మిగిలింది మా ఇద్దరిదీ. తొమ్మిదింటికి రాజ్యం దేవుడి ముందు కూర్చుంటుంది. ఆమె హారతి గంట మోగించే లోపల నేను మూత తీసి, డబ్బా వంచి, గరిటె తిప్పి, మూత పెట్టి అరుగు మీదికి వచ్చేసేవాణ్ణి.

మొదట చిటికెడే వేశాను. "ఇవాళ ఉప్పు ఎక్కువైనట్టుందే" అనుకుంటూ మర్నాడు ఆమె తగ్గించింది. ఆమె తగ్గించినంతా నేను కలిపాను. ఆమె మళ్ళీ తగ్గించింది, నేను మళ్ళీ కలిపాను. ఎంతకి ఆపాలో నా నాలుక చెప్పదు కదా. నాకు కాస్త తగిలేసరికి ఆమె నోట్లో అది ఉప్పుకల్లు అయ్యుంటుంది. పారబోయడం ఆమెకి చేతకాదు. కలుపుకున్న అన్నంలో మజ్జిగ ఎక్కువ పోసుకుని తినేసేది. ఎదురుగా కూర్చుని నేనూ తిన్నాను.

ఒకరోజు పేపరు చదువుతుంటే వచ్చి నిలబడింది.

"ఏవండీ, నేను ఉప్పు రెండుసార్లు వేస్తున్నానా?"

"ఏమోనే."

"చెంచాతో కొలిచి వేసినట్టు గుర్తుంది. మళ్ళీ వేసినట్టు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే గదా భయం. మా అమ్మకి కూడా ఇట్టాగే మొదలైంది."

ఆమె తల్లి చివరి రోజుల్లో కన్నకూతుర్ని ఎవరని అడిగింది. అది నాకు తెలుసు. తెలిసీ పేపరు మడవకుండా, "వయసు కదే" అన్నాను.

ఆ మర్నాటి నుంచి ఆమె పొయ్యి పక్కన ఒక ఖాళీ గిన్నె పెట్టింది. కూరలో ఉప్పు వేయగానే ఒక చింతగింజ అందులో వేసేది, వేశానన్న గుర్తుకి. మధ్యాహ్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని లేచి వెళ్ళి గిన్నెలోకి చూసేది. ఒకటే గింజ ఉండేది. దాన్ని వేలితో కదిలించి, కింద ఇంకోటి ఉందేమోనని వెతికేది. మళ్ళీ వచ్చి కూర్చుని తినేది. ఆ వెతకడం నేను చాలాసార్లు చూశాను. చూసి, మర్నాడు కలపడం మానలేదు.

నెల తిరిగింది. "ఆసుపత్రికి వెళ్దామండీ, నా మతిమరుపు సంగతి కూడా అడగాలి," అంది. నా బీపీ చూస్తే నా బండారం బయటపడుతుందని భయం. ఎండలు తగ్గాక చూద్దామన్నాను.

చైత్రం చివర

అది దోసకాయ పప్పు రోజు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆమె గరిటె వదిలేసింది. వంగి తీసుకోబోయి, ఆగి, తన కుడిచేతి వైపు అది ఎవరిదో అన్నట్టు చూసింది. తర్వాత నాతో ఏదో అంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా వచ్చాయి.

నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. నేను ఎన్నిసార్లు అట్టా చేయలేదు. "చాల్లేవే," అని నవ్వాను కూడా. ఆమె నోరు ఒక పక్కకి జారింది. అప్పుడు లేచాను.

ఎంగిలిచేత్తోనే వీధికి అడ్డంపడి పరిగెత్తాను. ఆదెమ్మ భర్త సాంబయ్య భోజనం మధ్యలో లేచి కారు తీశాడు. "బావా, నువ్వు వెనక కూర్చుని అక్కయ్యని పట్టుకో. మాట్లాడిస్తూ ఉండు," అన్నాడు. శిరీషకి ఫోన్ చేసిందీ అతనే.

నల్లపాడు రైలు గేటు పడి ఉంది. గూడ్సు. నూట పది పెట్టెలు లెక్కపెట్టానని తర్వాత కొందరికి చెప్పాను. ఇరవై దగ్గరే లెక్క తప్పింది. ఆమె తల నా భుజం మీద ఉంది. ఏదో ఒకటి మాట్లాడించాలి కదా, "రాజ్యం, ఇవాళ ఏం కూర?" అని అడిగాను. ఇంతకంటే బుర్ర పనిచేయలేదు. ఆమె పెదాలు కదిలాయి. "దో..." అని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది. మొలలో డబ్బా నా పొట్టకి నొక్కుకుంటోంది. రైలు పోతూనే ఉంది.

ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. బీపీ రెండు వందలు దాటిందని ఒక నర్సు ఇంకో నర్సుతో అనడం వినపడింది. నేను పెంచని అంకె అది.

శిరీష స్కానింగు కాగితాల కోసం తిరుగుతోంది. నేను అదే బెంచీ మీద కూర్చున్నాను. పక్కన సింగరాయకొండ నుంచి వచ్చిన ఒకావిడ ఉంది, భర్త లోపల ఉన్నాడట. నా ఎంగిలిచెయ్యి ఎండిపోయి ఉండటం చూసి సీసాలో నీళ్ళు నా చేతి మీద పోసింది. కడుక్కున్నాను. తర్వాత, చేతులు ఊరికే ఉండలేక, డబ్బా తీసి మూత తిప్పుతూ కూర్చున్నాను.

"ఇక్కడ పొడుం పీల్చబాకండి బాబాయిగారూ. తుమ్మితే నర్సమ్మలు తిడతారు."

"పొడుం కాదమ్మా."

"మరి?"

"ఉప్పు."

ఆమె నా మొహం చూసింది. ఎందుకో ఆ పరాయి మనిషికి అంతా చెప్పేశాను, గింజలతో సహా. ఆమె కొంగుతో సీసా తుడుచుకుంటూ విన్నది.

"నాకు చెబితే ఏం లాభం?" అంది చివరికి. "చెప్పాల్సిన వాళ్ళకి చెప్పండి."

సాయంత్రానికి రాజ్యానికి మాట తిరిగి వచ్చింది. చెయ్యి బలహీనంగా ఉంది గానీ కదులుతోంది. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి మాకు చెప్పింది. మెదడుకి కాసేపు రక్తం అందలేదట, అడ్డుపడింది దానంతట అదే తొలగిందట. "ఈసారి తొలగింది," అని ఒత్తి పలికింది. "ఇంట్లో ఉప్పు ఎంత వాడుతున్నారు?"

"అత్తయ్య చెంచాతో కొలిచే వేస్తుంది మేడమ్," అంది శిరీష.

రాజ్యం తలగడ మీద తల కదిలించింది. మాట నెమ్మదిగా వచ్చింది. "నేనే డాక్టరమ్మా. పిల్లల క్యారేజీలు సర్దాక మర్చిపోయి మళ్ళీ వేస్తున్నాను. ఆదివారాలు కోడలు పక్కన ఉంటది గనక సరిగ్గా పడుతుంది. మిగతా రోజులు నా ఒళ్ళు నాకు తెలియడం లేదు. మా అమ్మకీ ఇదే. ఆ పరీక్ష కూడా రాయండి. నలుగురికీ అన్నం పెట్టే దాన్ని, ఏ రోజు ఏం వేస్తానో."

డాక్టరమ్మ చీటీ తీసింది. కలం కదిలింది. నేను ఊరుకుంటే రాజ్యానికి మతి పోయినట్టు కాగితం మీద ఎక్కుతుంది. శిరీష రేపట్నుంచి ఆమెను వంటింట్లోకి రానివ్వదు. నేను మాత్రం పాపం ముసలాయన అనిపించుకుంటాను. అంత సుఖమైన దారి నా జీవితంలో నాకు ఎప్పుడూ దొరకలేదు.

డబ్బా తీసి మంచం మీద, ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.

"ఏమిటండీ ఇది?"

"సైంధవలవణం. నేనే కలిపాను, ఒకటి రెండు సార్లు."

"మావయ్యా," అంది శిరీష.

"వారానికి ఒకటి రెండు సార్లు."

రాజ్యం డబ్బా వంక చూస్తోంది.

"రోజూ," అన్నాను. "శని, ఆదివారాలు తప్ప. శనివారం ఆవిడ పప్పు ముట్టదు, ఫలహారమే. ఆదివారం కోడలు ఉంటుంది. అయిదు వారాలు. మాత్ర కూడా కాఫీతోనే వేసుకున్నాను."

డాక్టరమ్మ డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది. "ఇది కూడా ఉప్పేనండీ. రాయి రంగు వేరైతే రక్తపోటుకి తెలియదు. పైగా ఇందులో అయోడిన్ సరిగ్గా ఉండదు." తర్వాత, నేను అడగకపోయినా, "బీపీ ఒక్క ఉప్పుతోనే రాదు. నెలకి రమ్మంటే రాలేదు, వచ్చుంటే మందు మొదలుపెట్టేదాన్ని," అంది. ఆ మాట పట్టుకుని బయటపడొచ్చని ఒక్క క్షణం ఆశ పుట్టింది. రానివ్వనిది కూడా నేనేనని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

రాజ్యం తిడుతుందని చూశాను. ఆమె కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"అయితే నాకు మతి పోలేదన్నమాట," అంది.

అని గోడ వైపు తిరిగి పడుకుంది.

వైశాఖం

ఇంటికి వచ్చాక ఆమె నాతో నలభై రోజులు మాట్లాడలేదని చెబుతుంటాను. తొమ్మిది రోజులు. నాకు నలభై అనే గుర్తు. శిరీష నా కాఫీ గ్లాసు గడియారం చూసి ఇచ్చేది. శ్రీను ఒక్క మాటే అన్నాడు: "నాన్నా, నీకు ఆకలైతే అడుగు. దొంగతనం మాత్రం చేయబాకు." కొడుకు చేత ఆ మాట అనిపించుకుని తలెత్తుకోవడం ఎట్టాగో ఇంకా నేర్చుకోలేదు.

ఆదెమ్మ చూడటానికి తోటకూర పట్టుకొచ్చింది. రాజ్యం పక్కన కూర్చుని నా వైపు చూడకుండానే, "అన్నయ్య చెప్పిన గుప్పెడుకి మా జాడీ మొత్తం పెంట మీద పోశాం వదినా. మీ మొహం చూసి అనలేకపోయాం," అంది. మిగిలిన పది ఇళ్ళ సంగతీ అంతేనట. ఆ రోజే అనుంటే నా నాలుక సంగతి నాకు ముందే తెలిసేది. నా పెద్దరికమే నాకు అడ్డం వచ్చింది.

పదో రోజు పొద్దున రాజ్యం అలమర తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది.

"రేపటి నుంచి పప్పూ కూరా మీరు వండండి. నేను తింటాను."

"నేనా?"

"మీరే. నా గిన్నెలో చెయ్యి పెట్టడం అలవాటే గదా."

నేను భయపడిన రోజులు అవి. ఎవరూ కాపలా లేరు. ఉప్పు డబ్బా నా చేతిలో, తినేది ఆమె. మొదటి రోజు అసలు వేయలేదు. ఆమె ఒక ముద్ద తిని, "డాక్టరమ్మ మానేయమనలేదు, తగ్గించమంది," అని పళ్ళెం పక్కకి జరిపింది. అప్పట్నుంచి ఇద్దరికీ కలిపి రోజుకి ఒక చెంచా, కత్తి వెనకతో చదును చేసి మరీ వేస్తాను. వేశాక ఆ గిన్నెలో ఒక చింతగింజ వేస్తాను. ఆమె చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను.

నాలాంటి వాళ్ళు చదువుతుంటే వాళ్ళకి రెండు మాటలు. ఉప్పు తగ్గిన చోట ఖాళీ వదలొద్దు. చింతచిగురు, నిమ్మకాయ, వేయించి దంచిన జీలకర్ర, వెల్లుల్లి, మెంతికూర, ఎండుమిరపకాయని నిప్పుల మీద కాల్చి నలిపిన పొడి, వీటితో మా సొరకాయ కూడా గర్వంగా ఉంటుంది. మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేస్తే ఊరమిరపకాయ కోసం వెతుక్కోవడం తగ్గుతుంది. పోతుందని చెప్పను, తగ్గుతుంది. ఫోన్లో చేతులూపే పెద్దమనుషుల్ని కాకుండా మీకు మందు రాసే వాళ్ళని అడగండి. ఇంటికంతా ఒకటే గిన్నె అయితే, అందులో మీ చెయ్యి పెట్టేముందు ఇంకెవరు తింటున్నారో చూడండి.

శ్రావణం

పరగడుపు మాత్ర, గంట తర్వాత కాఫీ. మొహం వాపు తీసింది. దుప్పటి పెట్టెలోకి వెళ్ళింది. చేలల్లో పత్తి మొలకలు లేచి రెండాకులు వేసినప్పుడు, ఒక మధ్యాహ్నం బీరకాయ పప్పు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాను.

ఉప్పగా ఉంది.

లేచి వెళ్ళి గిన్నెలోకి చూశాను. ఒకటే గింజ. కింద వెతికాను. ఒకటే. చెంచా చదును చేసింది గుర్తుంది. డబ్బాకి తిరిగి మూత పెట్టింది గుర్తుంది. వచ్చి కూర్చున్నాను. రాజ్యం తింటోంది, ఎడమచేత్తో విసనకర్ర ఊపుకుంటూ.

"రాజ్యం, పప్పులో నువ్వేమన్నా వేశావా?"

"నేనెందుకు వేస్తాను?"

"ఉప్పు ఎక్కువైంది. నేను రెండుసార్లు వేశానంటావా?"

ఆమె ముద్ద కలుపుకుని, నోట్లో పెట్టుకుని, నమిలి మింగింది.

"వయసు కదండీ," అంది.

ఆ పూట నేను అన్నం సగంలో లేచాను. మర్నాడు కొలిచేటప్పుడు పైకి లెక్కపెట్టాను. అయినా ఉప్పగానే ఉంది. ఆమె పళ్ళెంలోది లాక్కోవాలనిపించింది. పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు, స్నానానికి కూడా వెళ్ళలేదు. నా చేతిని నేనే అనుమానంగా చూసుకున్నాను. రేపు ఆమె గరిటె మళ్ళీ జారిపోతే? ఈసారి దాచింది ఏమీ లేదు, ఒప్పుకోవడానికీ ఏమీ లేదు, ఎవరికి చెప్పుకోను?

మూడో రోజు మాకు పరీక్షల వంతు. డాక్టరమ్మ నా కాగితాలు చూసి, థైరాయిడ్ దారిలోకి వచ్చిందంది. బీపీ కూడా తగ్గింది, రాజ్యానిదీ తగ్గింది. నేను పప్పు సంగతి చెప్పాను.

ఆమె నవ్వింది. "మీ నాలుక వచ్చేసిందండీ. ఇన్నాళ్ళూ తెలియని ఉప్పు ఇప్పుడు తెలుస్తోంది. తక్కువ తినే అలవాటు కూడా పడింది గదా, ఆ చెంచాడే ఎక్కువనిపిస్తుంది."

తిరిగి వచ్చేటప్పుడు నల్లపాడు గేటు మళ్ళీ పడింది. ఆటోలో ఇద్దరమే ఉన్నాం. రైలు ఇంకా రాలేదు.

"నీకు ముందే తెలుసా?"

"మొదటి ముద్దకే మీ మొహం చూసి తెలిసింది."

"మరి చెప్పవేం? రెండు రోజులు నాకు ప్రాణం పోయింది."

"రెండు రోజులే గదండీ," అంది రాజ్యం. "నేను అయిదు వారాలు ఉన్నాను."

గూడ్సు వచ్చింది. నేను పెట్టెలు లెక్కపెట్టలేదు. అది పోయిందాకా ఆమె చెయ్యి నా మోకాలి మీద ఉంది. కుడి చెయ్యి, గరిటె వదిలేసిన చెయ్యి. బరువుగానే ఉంది.